పాత బజారులో మేనత్త పొయ్యి

అది విరోధి నామ సంవత్సరం, ఉగాది వెళ్లిన రెండో వారం. ఫసలీ లెక్కన 1358, ఖుర్దాద్ నెల. ఇంగ్లీషు లెక్కన 1949 ఏప్రిల్. ఆ ఏడు సూర్యాపేటలో అన్నీ నడిచేవి కనుక అన్నీ రాస్తున్నాను. కచేరీ కాగితాల మీద ఫసలీ ఉండేది, కొత్తగా వచ్చిన గుమస్తాలు ఏప్రిల్ అనేవారు. మా మేనత్త మాత్రం "చింతచిగురు రోజులల్ల" అనేది. ఆమెకు అదే తారీఖు.

నాకప్పుడు పదమూడేళ్లు. మా ఊరు మిర్యాలగూడ దాటి నిడమనూరు పక్కన. ఇప్పుడు అటు వెళ్లినవాళ్లకు కంటిచూపు ఆనినంత మేర వరి కనిపిస్తుంది. అప్పటికి కాలువ లేదు. జొన్న, ఆముదం, పల్లికాయ, బావి కింద నాలుగు మళ్ల వరి, అంతే. రెండేళ్లు కోదాడలో మా అమ్మ పుట్టింట ఉండి చదివాను. ఆ తర్వాత పైతరగతి కోసం నాన్న నన్ను సూర్యాపేటలో తన అక్క దగ్గర ఉంచాడు.

మేనత్తది పూటకూళ్ల ఇల్లు. పాత బజారులో బట్టల దుకాణాల వెనక సందు, ముందు పెద్ద గది, వెనక వంటగది, దాని వెనక చేదబావి ఉన్న చిన్న పెరడు. బోర్డు లేదు. ఆముదాలు, పల్లికాయ అమ్ముకోవడానికి వచ్చే బండ్లవాళ్లు, కచేరీలో దావాలున్న రైతులు వచ్చి తినేవాళ్లు. పూటకు ఎనిమిదణాలు. అది హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి లెక్క. ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయిలు ఆరు ఇస్తే హాలీవి సుమారు ఏడు వచ్చేవి. ఆ ఎనిమిదణాలకు జొన్నరొట్టెలు కడుపునిండా, అన్నం రెండు గరిటెలు, ఒక కూర, పచ్చిపులుసు. కొన్ని కులాలవాళ్లు పెరట్లో కూర్చుని తినేవాళ్లు, వాళ్ల గిన్నెలు వేరుగా ఉండేవి. అప్పట్లో అన్ని ఇళ్లలోనూ అంతే అని రాస్తే అబద్ధం కాదు, కానీ ఆ మాట చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. మా ఇంట్లోనూ అలాగే ఉండేది.

ఒకప్పుడు ఆ ముందుగదిలో పొద్దుటికి, మాపటికి కలిపి నాలుగు బంతులు లేచేవట. రజాకార్ల రోజుల్లో బండ్లు ఆగిపోయాయి. పల్లెలు విడిచి పట్నం చేరినవాళ్లకు కొనుక్కొని తినే శక్తి లేదు. పోలీసు చర్య తర్వాత భయం కొంత తగ్గింది కానీ బండ్లు మునుపటిలా రాలేదు. కచేరీలో పాత మనుషులు పోయి కొత్తవాళ్లు వచ్చారు. ఆ ఎండాకాలం ఒక బంతి నిండడమే గగనమైంది.

ఇల్లుగలాయన బట్టల వ్యాపారి. సందు మొదట్లోనే దుకాణం. చెడ్డవాడు కాదు. ఒక మధ్యాహ్నం వచ్చి గడపలో నిలబడి, తలపాగా తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"అక్కా, జర ఇను. కోదాడ నుంచి ఒకాయన వచ్చిండు. ముంగటి గదిల కాఫీ హోటల్ పెడ్తడట. ఇడ్లీలు గిట్ల పోస్తడట. నువ్విచ్చే కిరాయికి డబలిస్తనంటుండు."

"ఇయ్యి. నేనెందుకు అడ్డమొస్త?" అంది మేనత్త రొట్టె తట్టడం ఆపకుండా.

"గట్లంటె ఎట్ల? ముంగటి గది ఇస్తె నువ్వు బంతులేడ పెడ్తవ్? నీకేం తక్కువ, తమ్ముడున్నడు గద."

"తమ్ముడుంటె?" అని ఆమె తల ఎత్తింది. "తమ్మునింట్ల మూలకు కూసోని పప్పు ఏరాల్నా సేటు?"

ఆమె భర్త పోయినప్పుడు ఆమెకు ఇరవై నాలుగు. తర్వాత ఆరేళ్లు మా ఇంట్లోనే ఉంది. మా నాన్న గానీ, మా అమ్మ గానీ ఆమెను ఒక్క మాట అనలేదు. అది నేను ఎరుగుదును. కానీ ఆ ఆరేళ్లలో ఆ ఇంట్లో ఈ పూట ఏం వండాలి అన్న మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె వండేది, ఏది వండాలో మా అమ్మ చెప్పేది. ఏడో ఏట రొట్టెలు కాల్చే పెంక ఒకటి, వండుకునే గంజులు రెండు పట్టుకొని సూర్యాపేట వచ్చేసింది. మళ్లీ వెనక్కి వెళ్లడమంటే ఆమెకు ఏమిటో పదమూడేళ్ల నాకు కూడా అర్థమైంది.

వ్యాపారి ఒక దారి చెప్పాడు. ఆయన మేడ మీద అయిదుగురు గుమస్తాలు దిగారు, బెజవాడ దిక్కువాళ్లు, కచేరీ పనికి వచ్చారు. నెలవారీగా ఎక్కడ తినాలా అని వెతుకుతున్నారు.

"అయిదుగురు నీకాడ కుదిరితె నువ్వే కిరాయి పెంచియ్యొచ్చు, నాకేం బాధ లేదు, కోదాడాయనను వేరే సూసుకొమ్మంట. ఆదివారం మాపటికి తోల్కొస్త. తిని సూసి సెప్తరు."

"కుదరకపోతె?"

"సోమవారం గది ఖాళీ జేయాలె అక్కా. మీ తమ్మునికి కూడ కబురు పంపిన, బండి కట్టుకొని రమ్మని."

మా అమ్మ అప్పటికే మేనత్త కోసం ఒక గది అలికి ముగ్గు వేయించిందని తర్వాత తెలిసింది. అది ప్రేమతోనే చేసింది.

వ్యాపారి వెళ్లాక మేనత్త చేతులు కడుక్కొని నన్ను పిలిచింది.

"కోడలుపిల్లా, కోదాడల రెండేండ్లున్నవ్ గద. ఆ దిక్కోళ్లు ఏం తింటరు?"

"ముందు పప్పు, నెయ్యి. తర్వాత కూర, పచ్చడి, పులుసు, పెరుగు. ఒక్కోదానికి ఒక్కోసారి అన్నం పెట్టించుకుంటరు."

"అన్నిట్లకు అన్నమేనా? రొట్టె ఎప్పుడు తింటరు?"

"తినరు అత్తమ్మా."

ఆమె నిజంగానే జాలిపడింది. "పాపం, కడుపెట్ల నిండుతది?" అంది. తర్వాత, "కాఫీ తాగుతరంట గద" అంది.

కోదాడలో కాఫీ తాగేవాళ్లను చూశాను. పెట్టేవాళ్లను చూడలేదు. ఆ మాట అలాగే చెప్పాను. వ్యాపారి ఆ వారమే బెజవాడ బట్ట కోసం వెళ్లి వస్తూ, సరిహద్దున కోదాడ నాకాలో సుంకం కట్టి కాఫీపొడి పొట్లం తెచ్చాడు. ఎలా కాయాలని అడిగితే ఆయన చెప్పింది ఇంతే: "గదేముంది అక్కా, చాయ్ లెక్కనే. జర నల్లగుంటది."

చాయ్ ఎలా కాయాలో సూర్యాపేటలో తెలియనివాళ్లు లేరు. మా దగ్గర చాయ్ అంటే మరగాలి. బొగ్గుల మీద గిన్నె పెట్టి, ఆకు వేసి, పొద్దుటి నుంచి మాపటి దాకా దించకుండా ఉంచితేనే దానికి రంగు, గుణం వస్తాయని అందరి నమ్మకం. ఎంత మరిగితే అంత గొప్ప. మేనత్త ఆదివారం మధ్యాహ్నమే పొట్లం మొత్తం నీళ్లలో పోసి, పాలు, చక్కెర, రెండు యాలకులు వేసి బొగ్గుల మీద పెట్టింది. మధ్యమధ్య పాలు పోస్తూ, గరిటెతో కలుపుతూ ఉంది. ఇల్లంతా వింతవాసన. నేను రుచి చూస్తానంటే, "ఆడపిల్లలు తాగేది గాదు" అంది. భర్త లేని ఆడది అలాంటివి నోట పెట్టకూడదని ఆమె లెక్క. అలా ఆ కాఫీ ఎవరి నాలుకా తాకకుండానే సిద్ధమైంది.

గుమస్తాలు దీపాలు పెట్టే వేళకు వచ్చారు. పెద్ద గుమస్తాకు యాభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి, చంకలో గొడుగు. మిగతా నలుగురు కుర్రవాళ్లు. అందరిలోకి చిన్నవాడికి ఇరవై రెండు, మాట ఆగదు. వ్యాపారి వాళ్లను కూర్చోబెట్టి తన దుకాణం చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

మేనత్త రెండు పద్ధతులూ కలిపింది. ముందు రొట్టె, దాంతో ఉడికించి తాలింపు వేసిన బొబ్బర గుడాలు, తర్వాత అన్నంలోకి చింతచిగురు పప్పు, తినేవాళ్లకు చిగురు వేసి వండిన మాంసం, చివరకు పెరుగు.

చిన్న గుమస్తా రొట్టెను రెండు చేతులతో ఎత్తి దీపానికి అడ్డంగా పట్టాడు. "ఏవండీ, దీన్ని కలుపుకోవాలా, నంజుకోవాలా?"

"ఇరుసుకోని తినాలె బిడ్డా. గిది కాయితం గాదు, సదువనీకె."

అందరూ నవ్వారు. వాడు గుడాలు మూడుసార్లు పెట్టించుకున్నాడు. పెద్ద గుమస్తా రొట్టె సగం తిని, చిగురు పప్పుతో అన్నం మారు అడిగాడు. నేను వడ్డిస్తూ మేనత్త ముఖం చూశాను. ఆమె తలుపు చాటున నిలబడి ఎవరి విస్తట్లో ఏది మిగిలిందో చూస్తోంది. ఏమీ మిగల్లేదు. పెదవి కొరుకుతూ లోపలికి వెళ్లి, అయిదు గ్లాసుల నిండా కాఫీ పోసుకొచ్చింది.

పెద్ద గుమస్తా ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. ముఖంలో మార్పు రానివ్వలేదు. అది ఆయన మర్యాద.

"ఇదేంటమ్మా?"

"కాఫీ సారూ."

"కాఫీయేనా?"

"మీ బెజవాడ పొడే. సేటు తెచ్చిండు."

చిన్నవాడు తాగి కళ్లు మూసుకున్నాడు. "నాకు జలుబు చేస్తే మా బామ్మ అచ్చం ఇలాంటిదే పట్టేదండి. ముక్కు మూసి పోసేది."

"నోర్ముయ్యరా" అన్నాడు పెద్ద గుమస్తా. తర్వాత మెల్లగా, "ఎంతసేపు కాచారమ్మా?" అని అడిగాడు.

"పగటీలి సంది. ఒక్క నిమిషం పొయ్యి మీదికెల్లి దించలే."

"మీరు తాగి చూశారా?"

"నేనెందుకు తాగుత సారూ? అది మీ తాగుడు."

అయిదు గ్లాసులూ ఇంచుమించు నిండుగా అలాగే ఉన్నాయి. పెద్ద గుమస్తా గొడుగు సర్దుకుంటూ అన్నాడు. "భోజనం బాగుందమ్మా. అబద్ధం చెప్పను. కానీ మాకు తెల్లారగానే కాఫీ పడకపోతే పని సాగదు. ఆ కోదాడాయన అదీ ఇదీ ఒకచోటే ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?"

మేనత్త గ్లాసులు తీసి పళ్లెంలో పెట్టింది. ఆమెను ఊరడించడానికి కాబోలు చిన్నవాడు, "పోనీలెండి, ఈ ఊళ్లో పొద్దుపోయాక ఇంకేవైనా దొరుకుతాయా? మా బెజవాడలో అయితే ఈ వేళకి సెంటర్లు కిటకిటలాడుతుంటాయి. ఇక్కడ దీపం పెడితే పడుకోవడమేనా?" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. మేనత్తకు మాత్రం కాఫీ కన్నా ఆ మాట గట్టిగా తగిలింది.

"పండుకునుడేనా?" అంది. "లేవుండ్రి. సెప్పులేసుకోండ్రి. బిడ్డా, లాంతరు పట్టు."

భర్త లేని ఆడమనిషి, నలభై రెండేళ్ల మనిషి, అయిదుగురు మగవాళ్లను వెంటబెట్టుకొని దీపాల వేళ బజారులో నడవడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కూడా చూడలేదు. కొంగు తలమీదికి లాక్కుని ముందు నడిచింది. వెనక లాంతరుతో నేను, నా వెనక వాళ్లు.

ఆ ఎండాకాలమే బజారు మళ్లీ కళ్లు తెరిచింది. అంతకుముందు ఏడాదంతా పొద్దు గూకగానే తలుపులు పడేవి. ఇప్పుడు కూడా రాత్రి పదిన్నర దాటితే దీపాలు ఆర్పాలని హుకుం ఉంది. కానీ ఆ నాలుగు గంటల్లోనే జనం ఏడాది బాకీ తీర్చుకుంటున్నట్టు తిరిగేవాళ్లు. దుకాణాల ముందు గ్యాసులైట్లు బుస్సుమంటుండేవి. మల్లెదండలు మూరల లెక్కన, పుదీనా కట్టల లెక్కన. ఒక మూల నల్లటి మూకుడులో మిర్చి బజ్జీలు. వాటి పక్కనే తపాలచెక్క అమ్మే ముసలమ్మ. బియ్యప్పిండిలో పల్లీలు, కరివేపాకు కలిపి ఇత్తడి తపాలలో అద్ది కాల్చేది.

మేనత్త ఆమె ముందు ఆగింది. "అవ్వా, ఈళ్లు బెజవాడోళ్లు. మనూర్ల రాత్రికి ఏం దొర్కదంట."

"ఎవడన్నడే?" అంది అవ్వ, తపాల బోర్లించి చెక్క లేపుతూ. "ఇగో, ఇది తిని మల్ల అనుమను."

చిన్నవాడు వేడివేడిగా నోట్లో పెట్టుకొని గాలి పీలుస్తూ గంతులు వేశాడు. అవ్వ పగలబడి నవ్వింది. "సల్లారనియ్యి కొడకా, నీ ఎనక పోలీసులు పడ్డరా?"

సబ్జాగింజల షర్బతు దుకాణం దగ్గర పెద్ద గుమస్తా తనంతట తానే ఆగాడు. మంచుగడ్డ హైదరాబాదు బస్సు మీద ఊకలో చుట్టుకొని వచ్చేది. సాయంత్రానికి సగం కరిగేది కనుక షర్బతు ధర మాపటికి అణా పెరిగేది. ఆయన గ్లాసు పట్టుకొని గోడ వైపు చూశాడు. మేకుకు రెండు సత్తుగ్లాసులు వేలాడుతున్నాయి. "అవెవరికి?" అని అడిగాడు. దుకాణదారు కులాల పేర్లు చెప్పాడు. "మావైపూ ఇంతే" అని ఆయన మిగతా షర్బతు తాగాడు.

కొంచెం ముందుకు వెళ్లాక చిన్నవాడు ముక్కు ఎగబీల్చాడు. "అమ్మా, ఆ వాసన..."

"ఈత కల్లు. మీ దిక్కు బందయిందట గద?"

"బందేనమ్మా" అన్నాడు పెద్ద గుమస్తా. "బందు కాబట్టే వీడి ముక్కు అంత చురుగ్గా ఉంది. నడవరా ముందుకు."

మద్రాసు రాజ్యంలో అప్పటికి మద్యం నిషేధం. కోదాడ నాకాకు ఇవతల కల్లు, అవతల చట్టం. సందు చివర కల్లు దుకాణం ముందు మట్టి ముంతలు చేతబట్టి జనం బారులుగా కూర్చున్నారు. ఆకు దొన్నెల్లో గుడాలు, వేయించిన పల్లీలు. వాళ్లలో మా బంతికి వచ్చే బండాయన ఒకడు మేనత్తను చూసి ముంత వెనక్కి దాచుకుని, "అక్కా, నువ్వా?" అన్నాడు.

"నేనే. తాగు, సూడలే నేను."

బజారు మధ్య ఖాళీ జాగాలో కథ నడుస్తోంది. తంబుర పట్టుకొని ఒక మగమనిషి, గుమ్మెట వాయిస్తూ ఇద్దరు ఆడవాళ్లు. పురాణకథ. అప్పట్లో కథలో కథ పెట్టి దొరల మీద, సర్కారు మీద పాడేస్తారని పోలీసులకు అనుమానం. అందుకని ఒక జవానును ముందు వరసలో కూర్చోబెట్టేవారు. ఆ పూట జవాను పని మరిచిపోయాడు. కథలో రాణి అడవికి వెళుతుంటే తన లాఠీతో నేల మీద తాళం వేస్తూ, అంగీ చేతితో కళ్లు తుడుచుకుంటున్నాడు. కుర్ర గుమస్తాలు నలుగురూ అక్కడే కూలబడ్డారు. మేనత్త నిలబడే ఉంది. ఆమె దృష్టి కథ మీద లేదు. జనం చేతుల్లో ఏముందో, ఎవరు ఎక్కడ నిలబడి ఏం తింటున్నారో చూస్తోంది. తిన్నవాళ్లందరూ నిలబడే తింటున్నారు.

పెద్ద గుమస్తా కూడా అదే చూశాడేమో. "అన్నీ ఉన్నాయమ్మా ఇక్కడ. కూర్చుని అన్నం తినే చోటే కనపడలేదు" అన్నాడు.

"ఇన్నేండ్ల సంది నా ఇల్లే గద సారూ" అంది ఆమె.

చివరగా చాయ్ హోటల్. ఆ హోటల్ సాయెబుకు పెద్ద వయసు. పోలీసు చర్య తర్వాత రెండు నెలలు మూసి ఉంచాడు. తెరిచాక కూడా చాలామంది రావడం మానేశారు. ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు, పక్క దుకాణానికి పోయేవారు, అంతే. ఒకప్పుడు గ్రామఫోను మోగేది, ఇప్పుడు దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఎవరికైనా ఒకే రకం కప్పులో చాయ్ పోసేది ఆ బజారులో అతనొక్కడే.

మేనత్తను చూసి అతను కౌంటరు దిగి వచ్చాడు. ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాడు. "ఆపా! మీరు హోటల్‌కు?"

"ఈళ్లను తెచ్చిన భాయ్. మంచి పౌనా పోయి."

ఆమె లోపలికి రాదని అతనికి తెలుసు. స్టూలు తెచ్చి వీధిలో, లాంతరు వెలుగులో వేశాడు. గుమస్తాలు లోపల బెంచీల మీద కూర్చున్నారు. పాలు ఎక్కువ పోసిన చిక్కటి పౌనా చాయ్ వచ్చింది. పెద్ద గుమస్తా సాసరులో పోసుకొని చప్పరించాడు. మళ్లీ చప్పరించాడు. గుమ్మంలోంచి బయటికి వంగి, "అమ్మా, ఇది ఎంతసేపు మరిగింది?" అని అడిగాడు.

"పొద్దుగాల సంది" అన్నాడు సాయెబు గర్వంగా.

అప్పుడు ఆయన నవ్వాడు. "మీరు కాఫీకి చాయ్ మర్యాద చేశారమ్మా. దానికి అంత మర్యాద పనికిరాదు. వేడినీళ్లు పోసి వడకట్టి పక్కన పెట్టాలి, మళ్లీ పొయ్యి ఎక్కించకూడదు."

"మరిగియ్యకుంటె దానికి గుణమెట్లొస్తది?" అంది మేనత్త. ఆమెకు అది నమ్మశక్యం కాలేదు. సాయెబుకు కూడా కాలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ చూపులోనే ఆమె హోటల్ లోపలికి చూసింది. ఇదివరకు లేని ఒక చెక్క తడిక గది మధ్యలో ఉంది. తడికకు అవతల ఒక కుట్టుమిషను, దర్జీ, వేలాడుతున్న అంగీలు.

"ఇదెప్పుడు కట్టినవ్ భాయ్?"

"మొన్న ఆపా. జనం లేరు, కిరాయి ఆగదు. సగం దర్జీకి ఇచ్చిన." భుజం మీది గుడ్డతో బల్ల తుడిచాడు. "ఫస్టు ఫస్టు బాధైంది. దర్జీ కాడికి వచ్చినోడు కూసుంటడు, కూసుంటె చాయ్ అడుగుతడు. సగం పోయింది, సగం మిగిలింది. మొత్తం పోలే."

మేనత్త స్టూలు మీద కదలకుండా కూర్చుంది. ఏం ఆలోచిస్తోందో నాకు తెలియలేదు. గుమస్తాలు చాయ్ ముగించి లేచేదాకా ఆ తడిక వైపే చూసింది. తర్వాత పెద్ద గుమస్తాను నేరుగా అడిగింది.

"సారూ, కోదాడాయన రాత్రి అన్నం కూడ పెడ్తడా?"

"పెడతానన్నాడు. కానీ మనుషులంతా కోదాడ వాళ్లేనట, ఆఖరి బస్సుకి వెళ్లిపోతారట. పొద్దు గూకేలోపు తినేయమన్నాడు."

"మీ కచేరీ ఎన్నింటికి ఇడుస్తరు?"

"ఏడు దాటుతుంది."

"మరి సల్లటి అన్నం తింటరా రోజూ?"

చిన్నవాడే అన్నాడు: "నేను తిననండి. నాకు గుడాలు కావాలి."

తిరిగి వచ్చేసరికి వ్యాపారి దుకాణం మూస్తున్నాడు. మేనత్త సందు మొదట్లోనే ఆయన్ని ఆపింది. గుమస్తాల ముందే మాట్లాడింది. ముందుగది కోదాడాయనకు ఇవ్వమంది. పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా అతను కాఫీ అమ్ముకోవచ్చు, ఇడ్లీలు పోసుకోవచ్చు. దీపం పెట్టాక అదే గదిలో, అతని బల్లలు గోడవారకు జరిపి, తను బంతి వేస్తుంది. వంటగది, బావి, పెరడు ఎప్పటికీ తనవే. కిరాయిలో తన వంతు ఇస్తుంది.

"ఒక్క గదిల ఇద్దరెట్ల అక్కా?" అన్నాడు వ్యాపారి.

"ఒక్క ఊర్ల పగలు, రాత్రి ఉంటలేవా?"

వ్యాపారి పెద్ద గుమస్తా వైపు చూశాడు. ఆయన గొడుగు మీద గడ్డం ఆనించాడు. కాఫీ కోదాడాయన దగ్గర, రాత్రి భోజనం ఈమె దగ్గర అయితే అయిదుగురం ఒప్పుకుంటామని చెప్పాడు. అన్నం పప్పుతో మొదలుపెట్టాలని ఒక షరతు. రొట్టె అడిగిన రోజే రొట్టె. మేనత్త ఆ షరతుకు కొంచెం ముఖం చిట్లించింది కానీ ఒప్పుకుంది. కోదాడాయనను తాను ఒప్పిస్తానని వ్యాపారి అన్నాడు.

ఆ రాత్రి ఆమె సంతోషంగా ఉందని రాయలేను. ముందుగదిలోని తన మంచం, గూట్లో దేవుడి పటాలు, గోడకు తగిలించిన భర్త చేతికర్ర అన్నీ వంటగదిలోకి మార్చింది. మంచం పట్టలేదు. నులక వదులు చేసి, పట్టెలు విప్పి నిలబెట్టి చూసింది, అయినా పట్టలేదు. పొయ్యి పక్కన చాప వేసుకొని పడుకుంది. నేను అర్ధరాత్రి లేచి చూస్తే నిద్రపోలేదు. మంచి నిద్ర పట్టేసరికి పది రోజులు అయిందని తర్వాత ఆమే చెప్పింది.

సోమవారం మాపటికి మా నాన్న బండి కట్టుకొని వచ్చాడు. రెండు బస్తాల జొన్నలు తెచ్చాడు. దారి ఖర్చుకు కాదు, తిరుగు బండిలో అవి ఉంటే అక్క తన గింజలతోనే వస్తున్నదని నలుగురూ అనుకుంటారని. ఆయన ఆలోచనలు అలా ఉండేవి.

"నడువు అక్కా" అన్నాడు కాళ్లు కడుక్కుంటూ. "మీ మరదలు అర్ర అలికి పెట్టింది. సున్నం గూడ ఏసింది."

"ముందుగాల తిను తమ్మీ."

గుమస్తాలు అప్పటికే కూర్చున్నారు. నాన్న ఆరోవాడుగా బంతిలో కూర్చున్నాడు. పప్పుతో మొదలయ్యేసరికి తెల్లబోయి నా వైపు చూశాడు. వాళ్లు లేచి వెళ్లాక, విస్తళ్లు నేను తీస్తుండగా, మేనత్త జరిగిందంతా చెప్పింది. సగం గది పోయిన సంగతి దాచలేదు.

నాన్న గడప మీద కూర్చున్నాడు. "మా ఇంట్ల నీకేం తక్కువైందే అక్కా?" అని అడిగాడు.

"ఏం తక్కువ గాలే. మీ ఇంట్ల తిన్నన్ని దినాలు మీరు పెట్టింది తిన్న. ఇంగ నేను పెట్టింది నలుగురు తినాలె."

ఆయనకు అది పూర్తిగా అర్థమైందో లేదో నాకు తెలియదు. కానీ మళ్లీ అడగలేదు. తెల్లవారి లేచి జొన్నల బస్తాలు దించి వంటగదిలో పెట్టాడు. ఖాళీ అయిన బండిలో అక్క మంచం పట్టెలు వేసుకున్నాడు. అది ఎవరికీ పనికిరాకుండా పెరట్లో వానకు తడవడం ఆయనకు ఇష్టం లేదు.

ఎడ్లను కడుతుంటే మేనత్త బయటికి వచ్చింది. "తమ్మీ, వచ్చే నెల మల్ల రా. నాలుగు బస్తాలేసుకోని రా. తూకమేసి బజారు ధర ఇస్త."

"నీకు అమ్ముతనా అక్కా నేను?"

"అమ్మకుంటె ఎన్నాళ్లు తెస్తవ్?"

నాన్న పగ్గం చేతికి చుట్టుకుంటూ, "నాలుగు సరిపోతయా? అయిదు తేవాల్నా?" అని అడిగాడు.

"అయిదు తే" అంది మేనత్త.